ఆల్ గ్రీన్ హై రికార్డ్స్ ఆల్బమ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం వినాలి, ఏ ప్రతి కొనాలి

రేకులపెట్టె:
అమెరికా సోల్ (చర్చి పాటల ఛాయ ఉన్న నల్లజాతి సంగీతం) గాయకుడు ఆల్ గ్రీన్ గురించి వివరంగా మాట్లాడుకోవడానికి ఈ చర్చ. మెంఫిస్‌లోని హై రికార్డ్స్ కోసం ఆయన 1969 నుంచి 1978 దాకా చేసిన స్టూడియో ఆల్బమ్‌లు 12. కొత్తగా వినేవాళ్లలో చాలామంది ‘లెట్స్ స్టే టుగెదర్’ పాట విని, ఒక హిట్స్ సంకలనం విని అక్కడితో ఆగిపోతున్నారు. ఆల్బమ్‌లుగా వినాలంటే ఏ వరుసలో వినాలి? ఆ రికార్డింగుల్లో ప్రత్యేకంగా చెవి పెట్టాల్సినవి ఏమిటి? ఎల్పీ కొనేవాళ్లు ఏం చూసుకోవాలి? ఈ మూడింటి మీదా తెలిసినవాళ్లు రాయండి.

మెంఫిస్‌మేళం:
నా సలహా: 1971లో వచ్చిన ‘ఆల్ గ్రీన్ గెట్స్ నెక్స్ట్ టు యూ’తో మొదలుపెట్టి, ‘లెట్స్ స్టే టుగెదర్’ (1972), ‘ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ’ (1972), ‘కాల్ మీ’ (1973) వరుసగా వినండి. ఈ నాలుగూ అదే క్రమంలో వినాలి. ఎందుకంటే ఒక గాయకుడు గొంతు తగ్గించడం నేర్చుకున్న తీరు వీటిలో మెట్టుమెట్టుగా వినిపిస్తుంది.

మొదటి దాంట్లో టెంప్టేషన్స్ పాట ‘ఐ కాంట్ గెట్ నెక్స్ట్ టు యూ’ని ఆయన వేగం బాగా తగ్గించి, బ్లూస్ బరువుతో పాడాడు. అక్కడ ఇంకా అరుపు ఉంది, గొంతులో గరుకు ఉంది. ఓటిస్ రెడ్డింగ్, విల్సన్ పికెట్ లాంటి సోల్ గాయకుల బాటలో వెళ్తున్న మనిషి. అదే ఆల్బమ్‌లో ‘టయర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్’ వినండి. ఆయన సొంతంగా రాసుకున్న పాట. చివరి భాగానికి వచ్చేసరికి గొంతు సన్నబడి, గొణుగుడుగా మారి, పైస్థాయిలోకి జారుకుంటుంది. ఆ తర్వాతి ఆల్బమ్‌లన్నిటికీ విత్తనం ఆ అర నిమిషంలో ఉంది.

నిర్మాత విల్లీ మిచెల్. ఆయన స్వయంగా ట్రంపెట్ వాద్యకారుడు, బ్యాండ్ నడిపినవాడు. గట్టిగా పాడకు, మెత్తగా పాడు అని గ్రీన్‌ని ఒప్పించింది ఆయనే. పైస్థాయి గొంతు పల్చగా ఉంటుందని గ్రీన్‌కి మొదట నచ్చలేదు కూడా. ‘లెట్స్ స్టే టుగెదర్’ సంగీతం మిచెల్, డ్రమ్మర్ ఆల్ జాక్సన్ జూనియర్ కలిసి కట్టారు, మాటలు గ్రీన్ రాశాడు. 1972 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒక వారం మొదటి స్థానం, ఆర్ అండ్ బీ పట్టికలో తొమ్మిది వారాలు. ఆ పాట కోసమే ఆల్బమ్ కొన్నవాళ్లు రెండో వైపున ఉన్న ‘హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్’ వినకుండా వదిలేయకండి. బీ జీస్ పాట, ఇక్కడ ఆరు నిమిషాల పైచిలుకు. అంతసేపూ డ్రమ్స్ ఒక్కసారి కూడా పైకి లేవవు. గొంతు ఒక్కటే కథ నడుపుతుంది.

నాలుగింటిలోనూ సంపూర్ణమైనది ‘కాల్ మీ’. తొమ్మిదే పాటలు. హ్యాంక్ విలియమ్స్ ‘ఐయామ్ సో లోన్సమ్ ఐ కుడ్ క్రై’, విల్లీ నెల్సన్ ‘ఫన్నీ హౌ టైమ్ స్లిప్స్ అవే’ రెండూ కంట్రీ పాటలు. వాటిని ఆయన సోల్ పాటలుగా మార్చాడనడం కంటే, రెండింటి వేరూ దక్షిణాది చర్చి అని నిరూపించాడనడమే సరి. చివరి పాట ‘జీసస్ ఈజ్ వెయిటింగ్’ అక్కడ ఉండటానికి కారణం కూడా అదే.

శ్రుతిపెట్టె:
వరుస సరే, మొదటి మెట్టు మాత్రం మార్చాలి. కొత్తవాళ్ల చేతికి ముందు ‘ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ’ ఇవ్వండి. ‘గెట్స్ నెక్స్ట్ టు యూ’ ఆయన తర్వాతి ఆల్బమ్‌లు తెలిసినవాళ్లకి విలువైనది. మొదటిసారి వినేవాళ్లకి అది ఆ కాలపు మరో సోల్ రికార్డులాగే అనిపిస్తుంది.

‘ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ’లో మొదటి వైపు చివరి పాట ‘సింప్లీ బ్యూటిఫుల్’. గొంతు పని వినాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దీన్ని వినండి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి, పెదవి విడివడే చప్పుడు, వాక్యం చివర శ్రుతి నుంచి కావాలని జార్చి వదిలేయడం అన్నీ స్పష్టంగా ఉంటాయి. ఆయన గొంతులో మూడు పొరలు గమనించండి. ఒకటి మామూలు ఛాతీ గొంతు. రెండు, గాలి ఎక్కువ కలిపిన గుసగుస. మూడు, ఫాల్సెట్టో (ఛాతీ గొంతు దాటి పైస్థాయిలో పల్చగా పలికే గొంతు). గొప్పదనం మూడో దాంట్లో లేదు. రెండో దాని మీదుగా మూడో దానికి ఎక్కడం, కీలు కనపడకుండా ఎక్కడం, అదీ విద్య. నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఏమిటంటే నేరుగా ఒకటి నుంచి మూడుకి దూకుతారు. అప్పుడు మధ్యలో గొంతు విరిగి వినపడుతుంది. ముందు శబ్దం తగ్గించి, గాలి పెంచి, ఆ తర్వాతే స్వరం పెంచాలి.

ఇంకో విషయం. చాలా పాటల్లో గ్రీన్ తనకి తానే జవాబు చెప్పుకుంటాడు. విడిగా రికార్డు చేసి కలిపిన రెండో గొంతు కూడా తనదే. వెనక పాడే రోడ్స్, చామర్స్, రోడ్స్ త్రయం వేరు (డోనా రోడ్స్, చార్లెస్ చామర్స్, శాండ్రా రోడ్స్). త్రయం పదాలు నిండుగా, గీత గీసినట్టు పాడుతుంది. గ్రీన్ రెండో గొంతు మాత్రం అరకొరగా, పక్కన నిలబడి గొణిగినట్టు ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే ఆల్బమ్ మొత్తం కొత్తగా వినపడుతుంది.

రేకులపెట్టె:
శ్రుతిపెట్టె గారూ, ఆ రెండు గొంతుల తేడా తేలిగ్గా దొరికే పాట ఒకటి చెప్పండి.

శ్రుతిపెట్టె:
‘కాల్ మీ’ ఆల్బమ్‌లో ‘హ్యావ్ యూ బీన్ మేకింగ్ అవుట్ ఓకే’. నిదానమైన పాట, వాద్యాలు తక్కువ. ‘సింప్లీ బ్యూటిఫుల్’ తర్వాత ఇదే వినండి.

తాళంచెవి:
గొంతు గురించే మాట్లాడుతున్నారు. ఆ గొంతుకి అంత చోటు దొరికిందంటే కారణం కింద ఉన్న బ్యాండ్. హాడ్జెస్ సోదరులు ముగ్గురు: గిటార్ మీద టీనీ, బేస్ మీద లీరాయ్, ఆర్గాన్ మీద చార్లెస్. డ్రమ్స్ ఇద్దరివి: హోవర్డ్ గ్రైమ్స్, ఆల్ జాక్సన్ జూనియర్. జాక్సన్ మెంఫిస్‌లోని మరో రికార్డు సంస్థ స్టాక్స్‌లో బుకర్ టి అండ్ ది ఎంజీస్ బృందం డ్రమ్మర్ కూడా.

ఈ రికార్డుల్లో డ్రమ్స్ పొడిగా, కురచగా మోగుతాయి. కొట్టగానే శబ్దం ఆగిపోతుంది, ప్రతిధ్వని దాదాపు ఉండదు. ‘లెట్స్ స్టే టుగెదర్’లో స్నేర్ (పదునుగా మోగే డ్రమ్) ఉండాల్సిన చోట టామ్ డ్రమ్ బొద్దుగా మోగుతుంటుంది గమనించండి. సింబల్స్ (లోహపు పళ్లేలు) చాలా తక్కువ. పైన ఉన్న తరంగాల జాగా అంతా గొంతులోని ఊపిరికీ, తీగ వాద్యాలకీ ఖాళీగా వదిలారు. ఇదే మిక్సింగ్‌లో అసలు రహస్యం. సింబల్ పెంచితే గ్రీన్ గుసగుస మునిగిపోతుంది, గొంతు పెంచితే మెత్తదనం పోతుంది.

ఈ పాటలు రికార్డు చేసిన రాయల్ స్టూడియో ఒకప్పుడు సినిమా హాలు. నేల ఇప్పటికీ తెర వైపు వాలుగానే ఉంటుంది. నేలా పైకప్పూ సమాంతరంగా లేకపోతే శబ్దం వాటి మధ్య పడిలేస్తూ గణగణలాడటం తగ్గుతుంది. బ్యాండ్ అంతా ఒకే గదిలో వాయించడంతో మైకుల్లోకి పక్కవాళ్ల శబ్దం ఎంత వెచ్చగా చేరిందో ‘లవ్ అండ్ హ్యాపీనెస్’ మొదట్లో తెలుస్తుంది. గిటార్ ఒంటరిగా మొదలవుతుంది, తాళం కోసం పాదం తట్టడం వినపడుతుంది, తర్వాత ఆర్గాన్, ఆ పైన బ్యాండ్ మొత్తం. ఆ పాదం చప్పుడు తీసేయాలని ఎవరికీ అనిపించకపోవడం మన అదృష్టం.

వీణపాట:
తాళంచెవి గారూ, వీళ్లు తాళానికి కాస్త వెనక వాయిస్తారని అంటారు కదా. మన కర్ణాటక సంగీతంలో సమం కాకుండా ఎత్తుకోవడం లాంటిదేనా అది?

తాళంచెవి:
కాదండీ, రెండూ వేరు. మన కీర్తనలో సమం తర్వాత ఎత్తుకుంటే ఆ చోటు లెక్కగా ఉంటుంది: అర అక్షరం, ముప్పావు అక్షరం. ప్రతి ఆవర్తనంలో అక్కడికే వచ్చి చేరతాం. వీళ్లది లెక్కకి అందనంత చిన్న ఆలస్యం. ‘లెట్స్ స్టే టుగెదర్’ వేగం నిమిషానికి సుమారు 102 దెబ్బలు. అంటే ఒక దెబ్బకి 588 మిల్లీసెకన్లు. అందులో పది పదిహేను మిల్లీసెకన్లు వెనకపడటం అంటే దెబ్బలో ముప్పయ్యో వంతు కూడా కాదు. చెవికి ఆలస్యంగా తోచదు, వాలుకుర్చీలో వెనక్కి వాలినట్టు తోస్తుంది.

కంప్యూటర్‌లో ఇలాంటి లయ కట్టాలనుకునేవాళ్లకి: హై-హ్యాట్‌ని (జంట సింబల్స్) తాళం గీత మీదే ఉంచండి, స్నేర్‌ని మాత్రమే 10 నుంచి 15 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి, బేస్‌ని రెండింటి మధ్య వదిలేయండి. అన్నిటినీ కలిపి వెనక్కి జరిపితే ఏమీ జరగదు, పోల్చుకోవడానికి ముందు ఉన్నదేదీ మిగలదు కాబట్టి. 25 దాటిస్తే ఈడ్చినట్టు ఉంటుంది. డ్రమ్ నిజంగా వాయించేవాళ్లయితే తోలు బిగువు తగ్గించి, స్నేర్ మీద మడిచిన గుడ్డ ఒక పక్కగా వేయండి. మధ్యలో వేస్తే దెబ్బ కూడా చచ్చిపోతుంది.

మైకుముందు:
గొంతు రికార్డింగ్ సంగతి కూడా చెప్పుకోవాలి. గ్రీన్ పాటలకి మిచెల్ వాడిన మైకు ఆర్‌సీఏ 77-డీఎక్స్, రిబ్బన్ మైకు (పల్చని లోహపు రేకుతో శబ్దాన్ని పట్టేది). స్టూడియోలో దానికి 9 నంబరు వేసి ఉండేది, ఆ నంబరుతోనే పేరు పడింది. రిబ్బన్ మైకు స్వభావం ఏమిటంటే పైస్థాయి తరంగాలు నెమ్మదిగా తగ్గిపోతాయి, దగ్గరకి వచ్చేకొద్దీ కింది స్థాయి ఉబ్బుతుంది. అందుకే గుసగుస పాడినా బక్కగా వినపడదు. ‘స’, ‘ష’ చెవిలో గుచ్చుకోవు.

ఇంట్లో ఆ రంగు కోసం ప్రయత్నించేవాళ్లు పాటించాల్సినవి:

రిబ్బన్ మైకు ఉంటే నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి. మధ్యలో పాప్ ఫిల్టర్ (ఊపిరిని ఆపే తెర) తప్పనిసరి. ‘ప’, ‘బ’ ఊపిరి నేరుగా తగిలితే రిబ్బన్ సాగిపోతుంది, ఆ తర్వాత శబ్దం బొంగురుగా మారుతుంది. మెత్తని గొంతుకి ప్రీయాంప్‌లో (మైకు సంకేతాన్ని పెంచే పరికరం) 60 డెసిబెల్స్ దాకా గెయిన్, అంటే పెంపు, కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అంత పెంచితే బుస్సుమనే శబ్దం గొంతు కంటే ముందుకొస్తుంది. 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారా మైకుకి వెళ్లే కరెంటు) ఆపేసి ఉంచండి. కేబుల్ సరిగ్గా ఉంటే పాత రిబ్బన్‌కి ప్రమాదం లేదు కానీ, ఒక తీగ తెగిన కేబుల్ చాలు రిబ్బన్ పోవడానికి.

కండెన్సర్ మైకు మాత్రమే ఉంటే మైకుని 20, 30 డిగ్రీలు పక్కకి తిప్పండి, 8 కిలోహెర్ట్జ్ పైన 3 డెసిబెల్స్ మెల్లగా తగ్గించండి. కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచే పరికరం) 3:1 నిష్పత్తిలో, మీటరు సూది మూడు నాలుగు డెసిబెల్స్ కంటే ఎక్కువ కదలకుండా. ఎక్కువ నొక్కితే ఊపిరి చప్పుడు పదంతో సమానంగా పైకొచ్చి అసహ్యంగా ఉంటుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ముట్టుకోకండి. వాక్యం చివర జారుడే ఈ పద్ధతికి ప్రాణం, అది దాన్ని తప్పుగా లెక్కేసి సరిచేస్తుంది.

ముల్లుబరువు:
ఎల్పీల సంగతి. అమెరికా మొదటి ముద్రణల్లో కేటలాగ్ సంఖ్యలు గుర్తుపెట్టుకోండి. ‘లెట్స్ స్టే టుగెదర్’ ఎస్‌హెచ్‌ఎల్ 32070. ‘ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ’ ఎక్స్ఎస్‌హెచ్‌ఎల్ 32074. ‘కాల్ మీ’ ఎక్స్ఎస్‌హెచ్‌ఎల్ 32077. ఆ కాలంలో హై రికార్డ్స్‌ని అమెరికాలో పంపిణీ చేసింది లండన్ రికార్డ్స్, ఆ పేరు అట్ట మీదా లేబుల్ మీదా ఉంటుంది. 1977 నుంచి హై సంస్థ క్రీమ్ రికార్డ్స్ చేతికి వెళ్లింది. క్రీమ్ పేరున్న ప్రతిని మొదటి ముద్రణ అని అమ్మితే ఒప్పుకోకండి.

పాత ప్రతులకి ధర పెట్టడం ఇష్టం లేకపోతే ఫ్యాట్ పాసమ్ సంస్థ 2009 నుంచి వేసిన పునర్ముద్రణలు తీసుకోండి. నిశ్శబ్దంగా ఉంటాయి. ఈ సంగీతానికి నిశ్శబ్దం ముఖ్యం, ఎందుకంటే శబ్దం తక్కువ ఉన్న పాటలు కొన్ని వైపు చివర వచ్చాయి. ‘సింప్లీ బ్యూటిఫుల్’ మొదటి వైపు చివర, లోపలి గాడిలో ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ ఒక చుట్టు పొడవు తగ్గి, అదే శబ్దం ఇరుకు గాడిలో పడుతుంది. సూది అమరిక తప్పితే ‘స’ అక్షరాలు చీదినట్టు వినపడేది అక్కడే. పాత ప్రతి కొనేముందు ఆ ఒక్క పాట వినిపించమనండి. అది బాగుంటే మిగతావి బాగుంటాయి.

అమరికకి: కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) తయారీదారు చెప్పిన బరువే సూది మీద పెట్టండి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2.0 గ్రాములు. తక్కువ బరువు పెడితే రికార్డు అరగదనుకోవడం పొరపాటు. సూది గాడిలో ఎగిరి గోడలని కొడుతుంది, నష్టం ఎక్కువ. యాంటీ స్కేట్ (సూది చేయి లోపలికి లాగకుండా పట్టే అమరిక) అదే అంకెకి పెట్టి మొదలుపెట్టండి. అలైన్‌మెంట్ కాగితం మీద బేర్‌వాల్డ్ పద్ధతి బిందువులు రికార్డు మధ్య నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. రెండుచోట్లా కార్ట్రిడ్జ్ అంచు గీతకి సమాంతరంగా కుదిరాక మరలు బిగించండి. ఒకచోట కుదిర్చి వదిలేస్తే రెండోచోట తప్పుతుంది.

ఫ్రీమాంట్‌వాసి:
అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ ఇండియాకి పంపాలనుకునేవాళ్లు వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటీ పెడితే చాలా?

ముల్లుబరువు:
చాలదండీ. మోటారు ఏ రకమో ముందు చూడాలి. పాత బెల్ట్ డ్రైవ్‌లలో ఏసీ సింక్రోనస్ మోటారు ఉంటే దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులని మారుస్తుంది, హెర్ట్జ్‌ని మార్చదు. 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దగ్గర తిరుగుతుంది. శ్రుతి మూడు అర్ధస్వరాల కంటే కొంచెం ఎక్కువే కిందికి పడిపోతుంది, ఆల్ గ్రీన్ ఫాల్సెట్టో మామూలు మగగొంతులా వినపడుతుంది. పాట ముందు తెలియనివాళ్లకి తేడా కూడా తెలియదు, అదే బాధ. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చుకోండి, పుల్లీ వ్యాసం 1.2 రెట్లు ఉండాలి. డీసీ మోటారు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ ఉన్నవాటికి ఈ తంటా లేదు, వోల్టేజీ సరిచూసుకుంటే చాలు.

రేకులపెట్టె:
నిలవ చేయడం గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది. కోస్తాలో వానాకాలం తేమకి అట్టలు బూజు పడుతున్నాయని తరచు అడుగుతున్నారు.

తడిగుడ్డ:
రికార్డులు నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. బయటి గోడకి ఆనించిన అలమర వద్దు, గోడ చెమ్మ అట్టకి దిగుతుంది. మెత్తని పీవీసీ కవర్లు తీసేసి పాలిథీన్ కవర్లు వేయండి. పీవీసీ వేడికి రికార్డుకి అంటుకుని మబ్బు మచ్చ వదులుతుంది, ఆ మచ్చ కడిగినా పోదు. బూజు పట్టిన ప్రతికి లోపలి కాగితం కవర్ పారేయండి. అదే కవర్‌లో మళ్లీ పెడితే వారం తిరక్కుండా బూజు తిరిగొస్తుంది. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ లీటరు, అందులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు, ఫొటో ల్యాబ్‌లో వాడే వెటింగ్ ఏజెంట్ నాలుగు చుక్కలు. గాడి దారిలోనే తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. కుళాయి నీళ్లు వాడితే ఆరాక ఉప్పు గాడిలో మిగిలి చిటపటలు పెరుగుతాయి. ఈ ద్రావణం వినైల్‌కి మాత్రమే. పాత 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్లకి ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి.

శ్రుతిపెట్టె:
‘కాల్ మీ’ తర్వాతివి ఎవరూ ఎత్తలేదు. 1973 చివర వచ్చిన ‘లివిన్ ఫర్ యూ’, 1974లో ‘ఆల్ గ్రీన్ ఎక్స్‌ప్లోర్స్ యువర్ మైండ్’ రెండూ మంచివి. రెండో దాంట్లో ‘టేక్ మీ టు ది రివర్’ ఉంది, గ్రీన్, టీనీ హాడ్జెస్ కలిసి రాశారు. 1978లో టాకింగ్ హెడ్స్ పాడాక రాక్ శ్రోతలకి తెలిసింది. ఆ మాతృకలో నది అంటే బాప్టిజం నీళ్లూ, కోరికా రెండూ ఒకేసారి. 1975 తర్వాత మిచెల్‌తో చేసినవి, ‘ఫుల్ ఆఫ్ ఫైర్’, ‘హ్యావ్ ఎ గుడ్ టైమ్’, తీరిగ్గా వినొచ్చు.

కానీ 1977లో వచ్చిన ‘ది బెల్ ఆల్బమ్’ని తప్పించుకోవద్దు. 1976లో ఆయన మెంఫిస్‌లో ఫుల్ గాస్పెల్ టాబర్నకల్ చర్చి స్థాపించాడు. ఆ తర్వాతి ఏడాది మిచెల్ లేకుండా, హాడ్జెస్ సోదరులు లేకుండా, తానే నిర్మాతగా ఈ ఆల్బమ్ చేశాడు. గిటార్ కూడా తానే పట్టాడు. మొదటి పాటలో ప్రేయసితో మాట్లాడుతూ, దేవుడి వైపు వెళ్లిపోతున్నానని ఆమెకే చెప్తాడు. అలాంటి పాట ఆయన మరెక్కడా రాయలేదు.

మెంఫిస్‌మేళం:
పాట గొప్పదే, ఆల్బమ్ ధ్వని మాత్రం పల్చన. రాయల్ స్టూడియోలో కింద ఉన్న నేల ఇక్కడ లేదు. బేస్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టేది) వేరువేరుగా వినిపిస్తాయి, పాత వాటిల్లో ఒకటిగా కలిసిపోయేవి.

శ్రుతిపెట్టె:
ఆ పల్చదనం వల్లే అకూస్టిక్ గిటార్ ముందుకొచ్చింది. గిటార్ వాయించే తీరు చూడండి, తీగలని కొట్టడం చర్చిలో చప్పట్లలా ఉంటుంది. ‘ఐ ఫీల్ గుడ్’ పాటలో హాడ్జెస్ సోదరుల బరువు పెడితే ఆ పాట ఎగరదు.

మెంఫిస్‌మేళం:
‘ఐ ఫీల్ గుడ్’ వరకు ఒప్పుకుంటాను. ‘జార్జియా బాయ్’కి మాత్రం లీరాయ్ బేస్ కావాల్సిందే.

తర్వాతి కాలానికి: గాస్పెల్ (చర్చి భక్తిగీతాలు) వైపు 1980 ‘ది లార్డ్ విల్ మేక్ ఎ వే’తో మొదలుపెట్టండి. మిచెల్‌తో మళ్లీ కలిసి బ్లూ నోట్‌కి చేసిన ‘ఐ కాంట్ స్టాప్’ (2003) రాయల్ ధ్వని మళ్లీ వినాలనుకునేవాళ్లకి. 2008లో క్వెస్ట్‌లవ్, జేమ్స్ పాయ్జర్ నిర్మించిన ‘లే ఇట్ డౌన్’ నాకు అంతకంటే ఇష్టం. పాతది అనుకరించకుండా, డ్రమ్ పొడిదనం, గొంతుకి వదిలిన చోటు ఈ రెండే తీసుకున్నారు.

రేకులపెట్టె:
స్ట్రీమింగ్‌లో వినేవాళ్లకి ఒక్క మాట ఎవరైనా?

మైకుముందు:
పాట పేరుతో వెతక్కండి, ఆల్బమ్ పేరుతో వెతకండి. పాట పేరు కొడితే ఎక్కువగా సంకలనాల ప్రతులే ముందొస్తాయి. 1975 ‘గ్రేటెస్ట్ హిట్స్’లో ‘సింప్లీ బ్యూటిఫుల్’, ‘జీసస్ ఈజ్ వెయిటింగ్’ లేనే లేవు. రెండు ప్రతులు పోల్చేటప్పుడు యాప్ సెట్టింగుల్లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేసి, రెండింటి శబ్దం చేత్తో సమానం చేసుకుని వినండి. ఒకటి రెండు డెసిబెల్స్ గట్టిగా ఉన్నదే చెవికి ముందు బాగుందనిపిస్తుంది. అసలు తేడా పాట గట్టిగా ఉన్నచోట దొరకదు. ‘హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్’ చివరి నిమిషంలో గొంతు వాడిపోయేచోట, దాని వెనక ఆర్గాన్ ఇంకా వినపడుతోందో లేదో చూడండి. వినపడుతుంటే ఆ ప్రతి ఉంచుకోండి.